అమ్మ భుజం, నా భుజం

(కమ్యూనిటీ రేడియోలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)



నేను ఒమాన్‌లో, మస్కట్‌కి పడమటి వైపున్న అల్ మవాలే నుంచి మాట్లాడుతున్నాను. వృత్తి ఐటీ కన్సల్టెంట్. డాక్టర్ని కాను, ఫిజియోథెరపిస్టునీ కాను. భుజం నొప్పి గురించి మాట్లాడటానికి నాకున్న అర్హతల్లా రెండు భుజాలు. ఒకటి నాది, ఇంకొకటి మా అమ్మది. రెండింటికీ వ్యాయామమే మందన్నారు. రెండు చోట్లా నేను తప్పు చేశాను. అందులోనూ ఒకటి తూర్పుకి పోతే ఇంకొకటి పడమటికి పోయిన తప్పు. ఆ సంగతి చెబుదామనే వచ్చాను.

ముందు నాది చెబుతాను. 2022 వేసవి. అప్పట్లో సెంట్రల్ కూరగాయల మార్కెట్ మా మవాలేలోనే ఉండేది. 2024 జూన్ ఆఖర్లో దాన్ని బర్కా దగ్గర ఖజాయిన్‌కి తరలించేశారు గానీ, అంతకుముందు మా శుక్రవారాలన్నీ అక్కడే మొదలయ్యేవి. ఒకరోజు ఉల్లిపాయల బస్తా, మామిడికాయల పెట్టె కొనుక్కొచ్చాం. లిఫ్టు పనిచెయ్యడం లేదు. మావారు బస్తా ఎత్తుకుంటే నేను పెట్టె ఎత్తుకుని మూడంతస్తులు ఎక్కాను. ఆ రోజు ఏమీ కాలేదు. నాలుగైదు రోజులకి, కారులో కూర్చుని వెనక సీట్లో ఉన్న లాప్‌టాప్ బ్యాగు కోసం చెయ్యి వెనక్కి చాపితే కుడి జబ్బలో కత్తి దిగినట్టయింది.

మనం మొదట చేసేది అందరికీ తెలుసు. అమృతాంజనం. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన ఆ పసుపుపచ్చ సీసా సముద్రాలు దాటి మా ఇంటి అలమారలో కూడా ఉంది. దాని వాసనకి సగం ధైర్యం వస్తుంది, కాదనను. కానీ రెండు నెలలైనా ఆ పక్కకి తిరిగి పడుకోలేకపోతే ఒక క్లినిక్‌కి వెళ్ళాను. పేరు అనవసరం. ఎమ్మారై తీశారు. రిపోర్టులో 'పార్షియల్ టియర్' అని ఉంది. కొంత చిరిగిందన్న మాట. ఆలస్యం చేస్తే పూర్తిగా తెగుతుంది, ఆపరేషన్‌కి తారీఖు చూసుకోండి అన్నారు.

ఆ 'చిరిగింది' అన్న మాట ఎంత పని చేసిందో చెప్పలేను. ఆ రోజు నుంచి కుడి చేతిని గాజు సామాను చూసుకున్నట్టు చూసుకున్నాను. మౌస్ ఎడమ చేతికి మారింది. మా బాబుకి అప్పుడు మూడేళ్ళు. వాడు చేతులు చాస్తే ఎడమ చంకలోకే ఎత్తుకునేదాన్ని, తరవాత తరవాత అదీ మానేశాను. నాలుగు నెలలు అలా గడిచేసరికి నొప్పి తగ్గలేదు సరిగదా, కాఫీ డబ్బా మూత తియ్యాలన్నా జబ్బ వణికేది.

అప్పుడు ఇంకో డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన ఎమ్మారై ఫిల్ము పక్కన పెట్టేసి ముందు నా చెయ్యి పట్టుకున్నారు. నన్ను ఎత్తమంటే సగం దాకా ఎత్తి ఆగిపోయాను. తరవాత, మీరు వదులుగా ఉంచండి అని ఆయనే మెల్లగా ఎత్తారు. నొప్పితోనే అయినా చెవి దాకా వచ్చేసింది. "కీలు బాగుంది. దాన్ని నడిపించే కండరాలే బలహీనపడ్డాయి. నాలుగు నెలలు మీరు దానికి పని చెప్పలేదు కాబట్టి ఇంకా పడ్డాయి" అన్నారు.

భుజం ఎలా ఉంటుందో ఒక్క నిమిషం చెప్పాలి. తొడ దగ్గర కీలు రోట్లో పొత్రం లాంటిది, లోతుగా కూర్చుంటుంది. భుజం అలా కాదు. ప్రమిద మీద బత్తాయి పెట్టినట్టు ఉంటుంది. గిన్నె చిన్నది, బంతి పెద్దది. అందుకే చెయ్యి అన్ని దిక్కులకీ తిరుగుతుంది. అందుకే జారిపోయే ప్రమాదమూ ఉంది. ఆ బత్తాయి పక్కకి పోకుండా చుట్టూ పట్టి ఉంచేవి నాలుగు చిన్న కండరాలు. వాటినే రొటేటర్ కఫ్ అంటారు. భుజం నొప్పులని మనం అనుకునే వాటిలో ఎక్కువ భాగం వీటి దగ్గర పుట్టేవే.

మరి చిరుగు సంగతి? ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాను. మా వృత్తిలో ఉన్న జబ్బు ఇది, ఏదైనా మూలం దాకా తవ్వాలి. 1995లో అమెరికాలో భుజం నొప్పి అన్నది ఏమాత్రం లేని 96 మందికి ఎమ్మారై తీశారు. మూడో వంతు మందికి చిరుగులు కనిపించాయి. అరవై దాటినవాళ్ళలో సగానికి పైగా ఉన్నాయి. నలభై లోపు వాళ్ళలో అరుదే, ఆ మాట దాచను. అయినా ఫిల్ములో చిరుగు కనిపించినంత మాత్రాన నొప్పికి అదే కారణమని చెప్పలేమని తేలింది. చిరుగు లేకుండా ఇదే రకం నొప్పి ఉన్నవాళ్ళకి, పైఎముక అడుగున కాస్త అరగదీసి కండరానికి చోటు చేసే ఆపరేషన్ ఒకటి చాలా ఏళ్ళుగా చేస్తున్నారు. దాన్ని బ్రిటన్‌లో 313 మంది మీద పరీక్షించి 2018లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వేశారు. కొందరికి నిజంగా అరగదీశారు. కొందరికి కెమెరా లోపల పెట్టి చూసి, ఏమీ చెయ్యకుండా కుట్టేశారు. ఆరు నెలల తరవాత చూస్తే ఈ రెండు జట్లకీ తేడా లేదు! అసలు ఆపరేషనే చెయ్యని మూడో జట్టుకన్నా వీళ్ళు కొంచెం మెరుగే గానీ, రోగికి తెలిసేంత మెరుగు కాదు.

నాకు రబ్బరు పట్టీ ఒకటి ఇచ్చారు. మోచెయ్యి నడుముకి ఆనించి, మధ్యలో చిన్న తువ్వాలు చుట్ట పెట్టుకుని, తలుపు పిడికి కట్టిన పట్టీని బయటికి లాగాలి. తరవాత నీళ్ళ సీసా పట్టుకుని చేతిని ముందుకీ పక్కకీ మధ్య ఏటవాలుగా లేపాలి. అర లీటరు సీసాతో మొదలుపెట్టి లీటరున్నర దాకా వెళ్ళాను. పన్నెండేసి సార్లు, మూడు విడతలు, రోజు విడిచి రోజు. నొప్పి పుడితే? అదే నా మొదటి ప్రశ్న. "పదికి నాలుగు దాకా నొప్పి ఉంటే చెయ్యండి. మర్నాడు పొద్దుటికి మామూలు స్థితికి వచ్చేస్తే సరిపోయినట్టే. రాకపోతే బరువు తగ్గించండి, మానకండి" అన్నారు. పన్నెండు వారాలు గడిచేదాకా పని చేసిందా లేదా అని అడగొద్దన్నారు. మొదటి నాలుగు వారాలూ ఏమీ తేడా లేదు, నిజం చెబుతున్నాను. ఆరో వారంలో ఒక రాత్రి కుడి పక్కకి తిరిగి పడుకున్న సంగతి పొద్దున్న లేచాక తెలిసింది. ఏడాది తిరిగేసరికి బాబుని కుడి చంకలోకి ఎత్తుకుంటున్నాను. అప్పటికి వాడికి నాలుగేళ్ళు దాటి, దింపు దింపు అని గోల!

ఇంతవరకూ చెబితే ఇది శుభం కార్డు పడ్డ కథ. దాని వల్ల నాకొచ్చిన గర్వమే అమ్మ మీద పడింది.

అమ్మా నాన్నా తాడేపల్లిగూడెంలో ఉంటారు. నేను ఒక్కతినే కూతుర్ని. అమ్మకి షుగర్ వచ్చి పదేళ్ళు దాటింది. 2024 ఫిబ్రవరిలో ఒక శుక్రవారం వీడియో కాల్ చేస్తే అమ్మ గుండుతో కనిపించింది. తిరుమల వెళ్ళొచ్చామంది. "మొక్కు ఏమిటమ్మా, ఎప్పుడూ చెప్పలేదే?" అంటే "నీ ఉద్యోగం కోసమేలేవే" అని మాట మార్చేసింది. నేను నమ్మాను. కల్యాణకట్టలో తలనీలాలిచ్చిన తల్లిని ఏ కూతురు అనుమానిస్తుంది?

ఏప్రిల్‌లో నాన్న నోరు జారారు. అమ్మకి ఎడమ రెక్క ఏడు నెలలుగా పైకి రావడం లేదట. జడ వేసుకోవాలంటే రెండు చేతులూ తల వెనక్కి వెళ్ళాలి కదా. జాకెట్టు హుక్కులు ముందుకి మార్పించుకుంది. జడకి మాత్రం దారి దొరకలేదు. తరవాత నేను అడిగితే ఒకటే అంది: "మీ నాన్నని జడ వెయ్యమంటానటే?"

అది ఫ్రోజెన్ షోల్డర్. మన ఊళ్ళల్లో భుజం పట్టేసిందంటారు. ఆ ఇంగ్లీషు పేరు 1934లో బోస్టన్ డాక్టరు కాడ్‌మన్ వాడుకలోకి తెచ్చారు. ఇందులో కండరాల బలహీనత కన్నా కీలు చుట్టూ ఉండే సంచీ సమస్య. అది వాచి, మందమై, మొదటి ఉతుకుకే కుంచించుకుపోయిన నూలు చొక్కాలా బిగుసుకుంటుంది. మనంతట మనం ఎత్తినా రాదు, వేరేవాళ్ళు ఎత్తినా రాదు. నాకు డాక్టరుగారు చేసిన పరీక్ష ఇందుకే. నలభై, అరవై ఏళ్ళ మధ్య ఎక్కువగా వస్తుంది. షుగర్ ఉన్నవాళ్ళకి మరీ ఎక్కువ. మొదట నొప్పి, తరవాత బిగుతు, ఆ తరవాత మెల్లగా సడలడం. మొత్తం ఏడాది నుంచి మూడేళ్ళు పట్టొచ్చు. కొందరికి కొద్దిపాటి బిగుతు ఎప్పటికీ ఉండిపోతుంది.

చుట్టాలు తలో మాటా చెప్పారు. ఒకాయన పుత్తూరు తీసుకెళ్ళి కట్టు కట్టిద్దామన్నారు. పుత్తూరు కట్టు విరిగిన ఎముకకి పేరు పడింది. విరిగిన ఎముక కదలకూడదు, పట్టేసిన భుజం కదలకుండా ఉండకూడదు. ఆ ప్రయాణం నేనే ఆపాను, అంతవరకు మంచి పనే చేశాను. ఊళ్ళో డాక్టరు చూసి జబ్బు పేరు చెప్పి, వ్యాయామాలు ఒకసారి చేసి చూపించి పంపారు. ఇక అక్కడి నుంచి పగ్గాలు నేను పట్టుకున్నాను.

ఎక్సెల్ షీటు తయారుచేశాను. గోడకి చాక్‌పీసుతో గీతలు గీయించాను. వేళ్ళతో గోడ మీద పాకుతూ రోజూ ఏ గీత దాకా వచ్చిందో నాన్న రాయాలి. తలుపు మీదుగా తాడు వేసి, మంచి చేత్తో లాగి, పట్టేసిన చేతిని పైకి తెప్పించాను. అమ్మ కళ్ళమ్మట నీళ్ళు పెట్టుకుంటే ఫోన్లోంచి "ఆపకమ్మా, నొప్పి పుడితేనే తగ్గుతుంది, నాకు అలాగే తగ్గింది" అన్నాను. ఆ మాట ఎన్నిసార్లు అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ మనసు బాగుండదు.

పది రోజుల తరవాత షీటు అద్భుతంగా రావడం మొదలైంది. వారానికో గీత చొప్పున, తప్పకుండా, మెట్లెక్కినట్టు. మావారికి గ్రాఫు కూడా చూపించాను. ఆఫీసులో ఏ క్లయింటు అయినా అంత నున్నటి గ్రాఫు పంపితే ముందు లెక్కలు మళ్ళీ చూడమంటాను. అమ్మ పంపిందని చూడలేదు.

నవంబరులో, ఇక్కడ ఎండలు తగ్గాక, వాళ్ళిద్దరూ మవాలే వచ్చారు. ఎయిర్‌పోర్టులో నన్ను కౌగిలించుకోబోయి అమ్మ ఒక్క చెయ్యే వేసింది. ఇంటికొచ్చాక చూస్తే ఎడమ చెయ్యి మొదటి గీత కూడా దాటలేదు. షీట్లో అంకెలు నాన్న వేసినవి. అమ్మ వెయ్యమన్నవి. మొదటి పది రోజులు నేను చేయించినవి చేసిందట. రాత్రుళ్ళు నిద్ర లేదు. ఆ తరవాత దగ్గరికి కూడా పోలేదు. "నువ్వు అంత దూరంలో కూర్చుని సంతోషపడుతున్నావు, ఎందుకు చెడగొట్టడం అనుకున్నాం" అన్నారు నాన్న.

ఇక్కడి ఫిజియోథెరపిస్టు మలయాళీ అమ్మాయి. అంతా విని నవ్వలేదు, తిట్టలేదు. నొప్పి దశలో ఉన్న ఫ్రోజెన్ షోల్డర్‌ని బలవంతంగా లాగితే ఎదురు తిరుగుతుందని చెప్పింది. ఆ రాత్రి అది కూడా తవ్వాను. నెదర్లాండ్స్‌లో ఇలాంటివాళ్ళు 77 మంది మీద చేసిన పరిశీలన 2004లో వచ్చింది. ఒక జట్టుకి నొప్పిని దాటి మరీ గట్టిగా సాగదీయించారు. ఇంకో జట్టుకి నొప్పి హద్దులోనే మెల్లగా కదిలించుకోమని, రోజువారీ పనులు చెయ్యగలిగినంత చేసుకోమని చెప్పి వదిలేశారు. రెండేళ్ళకి మెల్లగా చేసినవాళ్ళలో 89 శాతం మంది భుజాలు మామూలుగా, లేదా దాదాపు మామూలుగా అయ్యాయి. గట్టిగా చేసినవాళ్ళలో 63 శాతం. నేను అమ్మని ఏ జట్టులో పడేశానో మీకు తెలిసే ఉంటుంది.

నా భుజానికి భయం వదిలించి బరువు మోయించాలి. అమ్మ భుజాన్ని బుజ్జగించాలి. రెండింటినీ మన భాషలో వ్యాయామమనే అంటాం. నాకు తగ్గించింది కదా అని అమ్మకి అదే పొయ్యడం ఒకరి మందుల చీటీతో ఇంకొకరికి మందులు కొనడమే.

మొదట్లో నొప్పి దశలోనే వచ్చి ఉంటే కీల్లోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే బాగా ఉపశమనం ఉండేదని, షుగర్ కొన్ని రోజులు పెరుగుతుంది కాబట్టి చూసుకుంటూ ఇచ్చేవాళ్ళమని ఇక్కడి డాక్టరు చెప్పారు. అమ్మకి అప్పటికి నొప్పి తగ్గి బిగుతు మిగిలింది. ఇంజెక్షన్ పనికొచ్చే కాలం మొక్కులో గడిచిపోయింది. మత్తిచ్చి భుజం విడదీయడం, కెమెరాతో సంచీ కొయ్యడం కూడా ఉన్నాయి. బ్రిటన్‌లో 503 మందిని మూడు జట్లు చేసి, ఈ రెండు పద్ధతులనీ, ఇంజెక్షన్‌తో కూడిన ఫిజియోథెరపీనీ పోల్చారు. ఏడాదికి మూడు జట్లూ బాగుపడ్డాయి. పెద్ద తేడాతో ఏదీ గెలవలేదు. అది 2020 నాటి మాట. అది విని అమ్మ వ్యాయామమే చేసుకుంటానంది.

ఆ చలికాలమంతా మా హాల్లో జరిగింది ఇదీ. వేడినీళ్ళ స్నానం అయ్యాక ముందుకి వంగి, బల్ల మీద మంచి చెయ్యి ఆనించి, ఎడమ చేతిని బావిలో చేద వేలాడినట్టు వదిలేసి చిన్నగా ఊపడం. ఇది ఆ కాడ్‌మన్ పేరుమీదే చలామణీలో ఉంది. తరవాత పడుకుని, మోచెయ్యి ఒంటికి ఆనించి, రెండు చేతులా కర్ర పట్టుకుని, కర్రతోనే ఎడమ చేతిని బయటికి నెట్టడం. ఎక్కడ పట్టినట్టు తెలిస్తే అక్కడ ఇరవై అంకెలు లెక్కపెట్టి వదిలెయ్యడం. కర్ర అంటే ఏదో అనుకునేరు, మా తుడుపు కర్రే. రాత్రి నొప్పి పెరిగితే మర్నాడు సగమే. రోజుకి మూడుసార్లు, ఒక్కోసారి పది నిమిషాలు. షీటు లేదు. అమ్మ నాకు చెప్పాల్సింది ఒకటే, రాత్రి నిద్ర పట్టిందా లేదా. ఈసారి నిజం చెప్పింది.

ఇంతలో అమ్మ ఇంకొకరికి డాక్టరయింది. మా వెనక విల్లాలో పనిచేసే రాయచోటి వైపు ఆవిడ చెత్త వెయ్యడానికి వచ్చినప్పుడు అమ్మకి స్నేహమైంది. "పెద్దమ్మా, అద్దాలు తుడ్సాలంటే రెక్క పైకెత్తలేకుండా ఉండా" అందట. అమ్మ వెంటనే కర్ర ఇచ్చి తన వ్యాయామాలన్నీ నేర్పేసింది. కూతురి పోలికే! నేను చూసి కంగారుపడ్డాను, ఎందుకంటే ఆవిడ చేతిని నేను ఎత్తితే పైదాకా వచ్చేస్తోంది. ఆవిడది నా రకం. సెలవు దొరికిన ఒక శుక్రవారం ఆ ఫిజియోథెరపిస్టుకి ఒక్కసారి చూపించాం. మళ్ళీ మళ్ళీ రావడం ఆవిడకి కుదరదు, డబ్బూ లేదు, ఇంట్లోవాళ్ళు పంపరు.

ఒక్కసారి చూపిస్తే ఏం లాభం అనుకున్నాను. 2021లో వచ్చిన ఇంకో బ్రిటన్ పరీక్ష దీనికే జవాబు చెప్పింది. రొటేటర్ కఫ్ నొప్పి ఉన్న 708 మందిలో కొందరిని ఆరుసార్ల దాకా పిలిచి దగ్గరుండి వ్యాయామం చేయించారు. కొందరిని ఒక్కసారే పిలిచి, తీరిగ్గా వివరించి, ఇంట్లో చేసుకోవడానికి పుస్తకమిచ్చి పంపారు. ఏడాదికి చూస్తే ఆరుసార్లు పిలవడం వల్ల అదనంగా ఒరిగిందేమీ లేదు. అయితే ఆ ఒక్కసారి సరిగ్గా చూడాలి, సరిగ్గా చెప్పాలి. ఆవిడకి రబ్బరు పట్టీ ఇచ్చి, అద్దాలు తుడిచేటప్పుడు స్టూలెక్కి చెయ్యి భుజం ఎత్తుకి మించకుండా చూసుకోమని, ఇస్త్రీ ఒకేరోజు పెట్టుకోవద్దని చెప్పింది. స్టూలు ఇమ్మని యజమానురాలిని అడగడానికే ఆవిడకి రెండు వారాలు పట్టింది. రెండు నెలలకి ఆ పక్కకి పడుకోగలుగుతున్నానంది. అద్దాలు తుడిచిన రోజు మాత్రం ఇప్పటికీ నొప్పి వస్తుంది.

ఒక జాగ్రత్త చెప్పకపోతే పాపం. కిందపడ్డాక ఉన్నట్టుండి చెయ్యి లేవకపోయినా, జ్వరంతో పాటు భుజం ఎర్రబడి వాచినా, కారణం లేకుండా బరువు తగ్గుతూ రాత్రీ పగలూ నొప్పి ఉన్నా వ్యాయామం మాట మరిచిపోయి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఎడమ భుజం నొప్పితో పాటు గుండె బరువు, చెమటలు, ఆయాసం ఉంటే అది భుజం సమస్య అనుకోకండి. ఇక్కడైతే 9999, ఊళ్ళో అమ్మానాన్నలకైతే 108.

అలాగే ఈ శుక్రవారం ఇంటికి వీడియో కాల్ చేసినప్పుడు ఎలా ఉన్నారని అడగకండి, బాగున్నామనే అంటారు. రెండు చేతులూ తల మీద పెట్టుకోమనండి. తరవాత వెనక్కి పెట్టి నడుం మీద చెయ్యి ఎంత పైకి వెళుతుందో చూపించమనండి. నాన్నలని కూడా. నేను 2023 సెప్టెంబరులో అది చేసి ఉంటే అమ్మ జుట్టు ఉండేది.

అమ్మ మార్చిలో తిరిగి వెళ్ళింది. ఆ తరవాత కూడా ఏడాది పాటు మానలేదు. ఇప్పుడు చెయ్యి తల మీదికి వస్తోంది. వీపు మీదికి ఇంకా పూర్తిగా రాదు, హుక్కులు ముందుకే ఉన్నాయి. జుట్టు భుజాలు దాటింది. మొన్న కాల్లో వెనక్కి తిరిగి చూపించింది. జడ పైభాగం తనే అల్లుకుంది. కింద రెండు పాయలు వదిలేసి ఉంటే, నాన్న రబ్బరు బ్యాండు పట్టుకుని వెనక నిలబడి ఉన్నారు.